పడవలో నీళ్లు

పుదుప్పేట తుక్కుకొట్లో కాటా మీద పెట్టి
కిలోల లెక్కన కొన్నాడు చెంచురామయ్య బాబాయి.
డెబ్భై రెండు కిలోల పడవ.
చిల్లులకి తరుగు తీస్తావా అని అడిగాడట.
చిల్లుకి బరువుండదు సారూ, అన్నాడట కొట్టువాడు.

కొరట్టూర్లో మా ఇంటి కింద
స్కూటర్లు ఆపుకునే చోట
రెండు లారీ టైర్ల మీద బోర్లా పడుకుంది.
ఇంటి ఓనరు ఏకాంబరం చుట్టూ తిరిగి చూసి
సముద్రం ఏ పక్కనుందో తెలుసా, అన్నాడు తమిళంలో.
బాబాయి తూర్పుకి చెయ్యి చూపించాడు,
నవ్వకుండా.

గీకితే ముందు నీలం.
నీలం కింద ఆకుపచ్చ.
దాని కింద పసుపు, పసుపు మీద మూడు తమిళ అక్షరాలు.
బస్సు బోర్డుల మీద తమిళం నేర్చుకున్న బాబాయి
కూడబలుక్కుని "...లమ్మా" అన్నాడు.
ముందున్న పేరు ఉప్పు తినేసింది.
పై అంతస్తు తిలకవతి దిగొచ్చి
ఆ మూడూ గీకొద్దని చెప్పి వెళ్లింది.
గీకలేదు.

ఎవడో మహానుభావుడు
ఊడిన రివెట్ల చోట ఇనప బోల్టులు బిగించాడు.
ఉప్పునీళ్లలో ఇనుము పక్కన పడుకుంటే
అల్యూమినియం తనంతట తనే తరిగిపోతుందట.
బోల్టు నిక్షేపంగా ఉంది.
చుట్టూ రేకు మాత్రం
పాత గోడ సున్నంలా గోటికి రాలింది.
నాకు తెలిసిన రెండు మూడు కాపురాలు గుర్తొచ్చాయి.
పైకి అనలేదు.

ముప్పై నాలుగేళ్లు
రైలుపెట్టెల ఫ్యాక్టరీలో రివెట్లు కొట్టిన చెయ్యి ఆయనది.
అన్నేళ్లూ రేకుకి అవతల డాలీ పట్టింది కన్నియప్పన్.
కన్నియప్పన్ పోయినేడు పోయాడు.
"ఒక్కడు కొడితే రివెట్టు పడదే అమ్మాయీ,
లోపలినించి ఇంకొకళ్లు ఆనించి పట్టాలి."
అందుకని, జాకెట్లు కుట్టుకునే దాన్ని,
మిషనాపి, చెవుల్లో దూది కుక్కుకుని
పడవ కిందికి దూరాను.

బోర్లించిన పడవ లోపల మధ్యాహ్నం:
చిల్లు చిల్లుకీ ఒక వెలుగు పుల్ల.
ఆయన అక్కడ కొట్టినప్పుడల్లా
ఇక్కడ ఒక పుల్ల ఆరిపోయేది,
మోచేతి దాకా జివ్వుమనేది.
మొదటి రోజు పదకొండు. అందులో నాలుగు వంకర.
నేను కుట్టు విప్పినట్టే
డ్రిల్లుతో విప్పేశాడు, ఒక్క మాటనకుండా.

మూడో వారం, మంచి ఊపులో ఉండగా,
"గట్టిగా పట్రా కన్నియప్పా" అన్నాడు.
సుత్తి ఆగిపోయింది.
చాలాసేపు
రేకుకి అటుపక్క ఆయన, ఇటుపక్క నేను.
నేను పట్టుకునే ఉన్నాను.

చిల్లు మిగిలిందో లేదో తెలియాలంటే
పడవని నీళ్లలో పెట్టక్కర్లేదు,
పడవలో నీళ్లు పెడితే చాలు.
కానీ అది జూన్. బిందెకి క్యూ.
తాగడానికి లేదు, దీనికి పోస్తారా, అన్నాడు ఏకాంబరం.
న్యాయమే.
వెల్లకిలా తిప్పి, సందులోకి జరిపి
ఐప్పసి వానల దాకా ఊరుకున్నాం.

ఒక్క రాత్రి కురిసింది.
తెల్లారి పడవ అంచుదాకా నిండి
కరెంటు తీగల్ని, ఒక కాకిని చూపిస్తోంది.
నేను టైలరు సుద్దముక్కతో కిందికి పాకి
బొట్టు కారిన చోటల్లా గుండ్రం చుట్టాను. ఏడు.
ఆ వానకే సంపులోకి మురుగు దిగింది.
మోటారు కాలింది. లారీ రాలేదు.
రెండో రోజు తిలకవతి ప్లాస్టిక్ బిందెతో వచ్చి
బాబాయి వైపు చూసింది.
ఆయన తల ఊపాడు.
తర్వాత పక్కింటివాళ్లు, ఎదురింటివాళ్లు,
ఆఖర్న ఏకాంబరం,
రెండు బకెట్లతో.

మూడో రోజు సాయంత్రం
అడుగున మిగిలిన నీళ్లు చెంబుతో తోడుతూ
బాబాయి పలక మీద కూర్చుని
"ఊగుతోందే" అన్నాడు.
టైర్లు బాబాయ్, అన్నాను.
అయినా అంచు పట్టుకున్నాను.